డాక్టర్ గారి వేరే గ్లాసు

అనుమానం డాక్టర్ సత్యనారాయణ గారికి జబ్బు కాదు, వృత్తి. తొలినాళ్లలో శ్రీకాకుళం కుష్ఠు క్లినిక్కులో, తర్వాత ముప్ఫయ్యేళ్లు బర్మింగ్‌హామ్‌లో చర్మవ్యాధుల డాక్టరుగా ఆయన అనుమానించకుండా వదిలిన మచ్చ లేదు. రిటైరై ఇంగ్లండులోనే బేసింగ్‌స్టోక్ అనే ఊరు చేరాక, మచ్చలు దొరక్క, చరిత్రను అనుమానించడం మొదలుపెట్టారు. ఊరి చివర ఎనిమిది వందల ఏళ్ల నాటి కుష్ఠు ఆసుపత్రి ఉంది. ఉందంటే, ఒక గోడ, సగం కిటికీ, కౌన్సిల్ వారి బెంచీ. శనివారాలు అక్కడ వాలంటీరు గైడు ఆయనే.

అలాంటి మనిషికి జులైలో తన మోచేతి పైనే పాలిపోయిన మచ్చ కనబడింది, రూపాయి బిళ్లంత. కుష్ఠు మచ్చకు స్పర్శ ఉండదు. అది ఉందో లేదో తేలాలంటే రోగి కళ్లు మూసుకోవాలి, ఇంకొకరు దూదిపోగు తాకించాలి, తగిలిన చోటును రోగి వేలితో చూపాలి. డాక్టరూ రోగీ ఒక్కరే అయితే కుదరదు. భార్యకు చెప్పాలి. చెప్పలేదు. గ్లాసూ తువ్వాలూ వేరు చేసుకుని, ఎండల్లో నిండు చేతుల చొక్కా తొడిగారు. "మందులున్నాయి, అందరితో కలిసి తినండి, ఏమీ కాదు" అని వేలమందికి చెప్పిన డాక్టరు ఈయనే.

భార్య వాసంతి గారు వారం రోజులు ఆ గ్లాసును గమనించి, శనివారం చెప్పాపెట్టకుండా సందర్శకుల్లో కలిశారు.

"వీళ్లను ఊరు తరిమేసిందనుకోకండి," గైడు గారు ఇంగ్లీషులో గంభీరంగా చెబుతున్నారు. "విరాళాలు రావాలని ఆసుపత్రిని దారి పక్కనే కట్టారు. మంచాలు పదమూడు. తిండి కోసం లేని జబ్బు నటించిన వాళ్లూ ఉన్నారు. ఒక నేతగాడి భార్యకు ఏ జబ్బూ లేదు. అయినా వచ్చి అతనితోనే ఉంది. అతని గిన్నెలో తాగినందుకు మూడు రోజుల ఉపవాసం శిక్ష వేశారు."

గిన్నె అన్నచోట ఆయన చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కున్నారు. వాసంతి గారు అదీ గమనించారు.

"చొక్కా చెయ్యి మడవండి," అన్నారు ఇంటికి రాగానే.

"ఎందుకు?"

"ఆ నేతగాడికి పెళ్లాం ఉంది కదా. మీకూ ఉంది."

మడిచారు. ఆమె మచ్చ చూసి, పరీక్ష సంగతి చెప్పించుకుని, దేవుడి గూట్లోంచి దీపం వత్తుల డబ్బా తెచ్చారు. "మూసుకోండి కళ్లు."

మూసుకున్నారు. "ఆఁ, తగిలింది."

"ఇంకా డబ్బా మూతే తియ్యలేదండీ."

శ్రీకాకుళంలో భయపడ్డ రోగులు సరిగ్గా ఈ అబద్ధమే ఆడేవారు. వాళ్లను పట్టుకోవడంలో ఆయనకు పెద్ద పేరు. ఈసారి నిజంగా తగిలేదాకా ఆగారు. చాలాసేపటికి చీమ పాకినట్టయింది. వేలు పెట్టి చూపారు.

"అక్కడే," అన్నారు వాసంతి గారు. ఇంకోసారి. మళ్లీ అక్కడే.

"గట్టిగా నొక్కుతున్నావేమో."

"సోమవారం మన జీపీ డాక్టరు నొక్కుతాడు లెండి."

"ఆ కుర్రాడు కుష్ఠు ఎప్పుడైనా కళ్లతో చూశాడా?"

గ్లాసు కదిలిన చప్పుడైంది. అనుమానం వచ్చి కళ్లు తెరిచారు. బల్ల మీది వేరే గ్లాసులో తను మిగిల్చిన మజ్జిగను ఆమె ఆఖరి చుక్క దాకా తాగుతున్నారు. తర్వాత గ్లాసు కడిగి, అందరి గ్లాసుల మధ్యా బోర్లించారు.

"మూడు రోజుల ఉపవాసం," అన్నారాయన మెల్లగా.

"రేపట్నుంచి. ఇవాళ పెసరట్లకి పప్పు రుబ్బేశాను."