ఆవిడ విప్పిన కట్టు

రామచంద్రపురం దగ్గర పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని అద్దెకిచ్చే ఒకాయన ఉన్నాడు. ఆయన ఇంట్లో పుట్టిన గుర్రప్పిల్ల కాళ్ళు ఆయన భార్య వల్లే పాడయ్యాయని ఆ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. అది నిజం కాదు. పాడుచేసింది నేను. ఈ మాట నోటితో చెప్పి చూశాను. నమ్మకపోగా నన్ను మెచ్చుకున్నారు.

నేను పశువుల డాక్టర్ని. ఉద్యోగమంతా గేదెలూ ఆవులూ మేకలతోనే గడిచింది. మా వైపు గుర్రం అంటే పెళ్ళికొడుకు కింద కనిపించేదే. కాలేజీలో గుర్రాల గురించి చదివింది పరీక్షలతోనే పోయింది. ఆ సంగతి ఒప్పుకుని ఇంకెవరినైనా అడిగి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

ఐదేళ్ళ కిందట ఒక పొద్దున్న ఆయన ఫోన్ చేస్తే వెళ్ళాను. రాత్రి పుట్టిన గుర్రప్పిల్లకి ముందు కాళ్ళు రెండూ గిట్టల పైన కీలు దగ్గర ముందుకి మడతపడి ఉన్నాయి. పిల్ల గిట్టల కొసల మీద లేవబోయి ముఖం మీద పడుతోంది.

"యానాం వెళ్ళి తాగొచ్చినవాడిలా ఉందేంటండి దీని నడక" అని ఆయన నవ్వాడు గానీ, ఆ నవ్వు నిలవలేదు. ఊరేగింపులకి తిప్పే తల్లిగుర్రానికి వయసైపోతోంది. దాని తర్వాత ఈ పిల్లే ఆ ఇంటికి ఆధారం. ఆయన భార్య మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లని పొట్ట కింద చేతులేసి ఎత్తి, తల్లి పొదుగుకి అందిస్తోంది. తెల్లవారినప్పటి నుంచీ అలాగే ఉందట.

ఇలా కాళ్ళు మడతపడి పుట్టిన గేదెదూడలు నా చేతిమీద చాలా బాగయ్యాయి. వెదురు బద్దలేసి కట్టి రెండు వారాలు వదిలేస్తే చాలు. గుర్రప్పిల్లకీ అదే అనుకున్నాను. రొయ్యల చెరువు దగ్గర మిగిలిన ప్లాస్టిక్ పైపుని నిలువునా కోయించి, దూది వేసి, కాళ్ళకి బిగించి కట్టాను. రెండు వారాలు ముట్టుకోవద్దన్నాను.

మూడో రోజు ఆయన మళ్ళీ ఫోన్. "మా ఆవిడ కట్టు విప్పేస్తోందండి."

వెళ్ళేసరికి వాకిట్లో పెళ్ళి ఊరేగింపు బేరం మాట్లాడుకోవడానికొచ్చిన బ్యాండువాళ్ళు ఇద్దరున్నారు, పక్కింటివాళ్ళున్నారు.

"ఎందుకు విప్పారమ్మా?" అన్నాను.

"పొద్దున్న కాసేపేనండి. మళ్ళీ కట్టేస్తున్నాను. కట్టుంటే కాలు చల్లబడిపోతోంది. విప్పినప్పుడు దాని బరువు అదే మోసుకుంటోందండి. నిన్నటికంటే ఇవాళ నయంగా ఆనింది. ఒక్కసారి చూడండి."

నేను చూడలేదు. అంతమందిలో ఒక ఆడమనిషి నాకు చెబుతోందని మాత్రమే వినపడింది. అప్పటిదాకా 'మీరు' అన్నవాణ్ణి 'నువ్వు'లోకి దిగాను.

"డాక్టరు నువ్వా, నేనా?"

"బోర్డు పెట్టించెయ్యండి బావా, గుర్రాల డాక్టరమ్మ అని" అన్నాడు ఒక బ్యాండతను ఆయనతో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ విప్పలేకుండా పైపుల మీద ప్లాస్టరు చుట్టేసి, నాలుగు రోజుల్లో వస్తానని, ఈలోపు చెయ్యి వేస్తే ఇంక నన్ను పిలవొద్దని చెప్పి బండెక్కాను.

నాలుగో రోజు వెళ్ళలేదు. పశువులకి గాలికుంటు రోగం రాకుండా టీకాలేసే పని పడింది. మధ్యలో ఆవిడ పోరుపెట్టి ఆయన చేత రెండుసార్లు ఫోన్ చేయించింది, పిల్ల కాలు కింద పెట్టడం లేదని. వస్తున్నా, ముట్టుకోవద్దన్నాను. వెళ్ళింది పదో రోజు.

ప్లాస్టరు కోస్తుంటేనే వాసన వచ్చింది. పైపు అంచు ఒరుసుకున్నచోట లోతుగా పుళ్ళు. పైగా కాళ్ళ వంకర తీరింది గానీ, వాటిలో పట్టు కూడా పోయింది. లేపి నిలబెడితే గిట్టల పైకీళ్ళు దిగజారి నేలకి ఆనాయి, గిట్టల కొసలు పైకి లేచాయి. పుళ్ళు మానతాయి. కాళ్ళు అలా జారిన గుర్రాన్ని ఏ మనిషీ ఎప్పటికీ ఎక్కలేడు.

ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. గుర్రాల సంగతి నాకు తెలియకపోవచ్చు, కానీ పుండు దేనివల్ల వచ్చిందో తెలియని డాక్టరుండడు. అయినా ఇలా అన్నాను: "మొదట్లో ఆవిడ విప్పకుండా ఉంటే బాగుండేది."

నేనన్నది ఆ ఒక్క మాటే. మిగతాది ఊరు చూసుకుంది. అప్పటి నుంచి ఆయన ఆవిణ్ణి గుర్రాల పాకలోకి రానివ్వలేదు. తల్లిగుర్రం ఆవిడ చేతిలోంచి తప్ప ఉలవలు తినేది కాదు. దానికీ వేరే చెయ్యి అలవాటు చేశాడు. "చెయ్యి పెట్టకు" అన్నది ఆ ఇంట్లో రోజూ వినపడే మాటైంది.

పోయిన నెల ఫోన్‌లో మాకొక శిక్షణ క్లాసు పెట్టారు. గుర్రాల డాక్టరొకాయన చెప్పాడు. కండని ఎముకకి కలిపే టెండన్‌ని మనం తాడనుకుంటాం. పుట్టిన కొత్తలో అది ఇంకా నేస్తున్న తాడట. నేసే కణాలు అప్పుడు చాలా ఉంటాయి, చురుగ్గా ఉంటాయి. కాలి మీద పడే బరువుని బట్టి అవి నారని సర్దుకుంటాయి. బరువే పడనివ్వకపోతే పట్టు వదిలేస్తాయి. వయసు పెరిగేకొద్దీ అవి తగ్గిపోయి, ఏది ఎలా కుదిరితే అలాగే ఉండిపోతుంది. అందుకని గుర్రప్పిల్లకి కట్టు కడితే రోజూ కొన్ని గంటలు విప్పి, నిలబడనిచ్చి, మళ్ళీ కట్టాలట. లేకపోతే పుళ్ళు కూడా పడతాయట.

పొద్దున్న కాసేపేనండి, మళ్ళీ కట్టేస్తున్నాను. ఆవిడ చెప్పింది అదే.

ఆ ఆదివారమే వెళ్ళాను. ఆయన టీ కొట్టు దగ్గర దొరికాడు, పక్కనే ఆ బ్యాండతను. ఇద్దరికీ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన లేచి నా చేతులు పట్టుకున్నాడు.

"మీది దొడ్డ మనసండి. మా ఆవిడ తప్పు మీ నెత్తినేసుకుంటున్నారు."

"నెత్తినేసుకోవడం కాదయ్యా! నేనే చేశాను!"

"డాక్టరు గారంటే ఈయనండి" అన్నాడు బ్యాండతను పక్కవాళ్ళతో.

గొంతు పెంచాను. "కోపం ఎందుకండీ, టీ చల్లారిపోతోంది" అన్నారు. ఎంత చెబితే అంత మర్యాద పెరిగిపోయింది. ఆ మర్యాదని ఏ గోడకేసి కొట్టాలో తెలియలేదు.

ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని, ఊరేగింపులో గుర్రానికి కప్పే జరీగుడ్డకి ఊడిన పూసలు కుడుతోంది. గుర్రాన్ని ముట్టుకోనివ్వకపోయినా గుడ్డ పని ఆవిడదే. ఆయన ఎదురుగానే అంతా మళ్ళీ చెప్పాను. ఆయన నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఆవిడ సూది ఆపలేదు.

"నేను చేసింది సరైందేనని నాకు ఆ రోజే తెలుసండి. మీరు చెప్పాల్సింది వాళ్ళకి."

"చెప్పానమ్మా. నమ్మడం లేదు."

"అప్పుడు ఒక్క మాటకే నమ్మారు కదండీ."

 ఆవిడే మళ్ళీ అంది: "మందుల చీటీ రాస్తారు కదా, దాని మీద రాసివ్వండి. తెలుగులో రాయండి. ఇంగ్లీషులో అయితే అందులో కూడా నాదే తప్పని చదువుతాడీయన."

రాశాను. కట్టు రోజూ విప్పాలి, ఆవిడ విప్పడం సరైనదే, విప్పకుండా చేసి పిల్ల కాళ్ళు పాడుచేసింది నేను, తర్వాత ఆవిడ మీదకి నెట్టిందీ నేనే. కింద సంతకం పెట్టాను.

ఆయన చదివి, వెనక్కి తిప్పి చూశాడు. "మందులేమీ రాయలేదేంటండి?"

"లేవు."

ఈసారి పెదాలు కదుపుతూ మెల్లగా చదివాడు. చదివాక నాకు దణ్ణం పెట్టలేదు, దొడ్డ మనసనలేదు. చీటీని జేబులో పెట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. నన్ను నమ్మాడని నాకు తెలిసింది అప్పుడే.

చీటీ ఒక్క ఇంటికే చేరింది. ఆవిడ మీద నేనన్న మాట మాత్రం నాలుగూళ్ళు తిరిగింది, అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, నానబెట్టిన ఉలవల బకెట్టు తీసుకుని పాక వైపు నడిచింది. ఆయన పక్కకి తప్పుకుని దారిచ్చాడు. లోపలి నుంచి ఐదేళ్ళ గుర్రం ఆవిడకి ఎదురొచ్చింది, కీళ్ళు నేలకి రాసుకుంటూ, నేను పాడుచేసిన కాళ్ళ మీద.