సీసం వెతికిన మేడమ్

మేడమ్ పోయారని వాళ్ల తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను తిరుపతిలో, మా కాలేజీ ల్యాబులో పిల్లలకు పాఠం చెబుతున్నాను. ముందురోజే ఆమె నన్ను రమ్మన్నారు. నేను వెళ్లలేదు.

నాకు పరిశోధన నేర్పింది ఆమే. నీళ్లలో సీసాన్ని పట్టుకునే వజ్రపు ఎలక్ట్రోడ్ మీదే ఆమె బతుకంతా గడిచింది. వజ్రమంటే నగల్లోది కాదు. ల్యాబులో పలక మీద పొరగా పెంచింది, బోరాన్ కలిపి కరెంటు పారేలా చేసిన నల్లటి బిళ్ల. నీళ్లలో ముంచి కరెంటు పెడితే సీసం దాని మీద పేరుకుంటుంది. దాన్ని మళ్లీ కరిగించి వదిలించేటప్పుడు తెర మీద గీత పైకి లేస్తుంది. ఎంత లేస్తే అంత సీసం.

ఊళ్లలో ఆడవాళ్లు మూగేవారు.

"వజ్రమా మేడమ్ ఇది? మెరవనే మెరవదే!"

"మెరిసేదానికి కాదు తల్లీ, మీ బిడ్డలు తాగే నీళ్లు సూసేదానికి."

బస్సులో ఆ ఎలక్ట్రోడ్ పెట్టెను ఒడిలో పెట్టుకుని, అన్నం క్యారియర్ కాళ్ల దగ్గర పెట్టుకునేవారు. ఫలితం చెప్పకుండా ఏ ఊరినీ వదల్లేదు. "నీళ్లు అడిగి పట్టుకున్నామంటే వాళ్లకు జవాబు సెప్పాల" అనేవారు.

ఆ ఆదివారం ఫోన్ చేశారు.

"వడమాలపేట అవతల ఒక ఊర్లో పాత బ్యాటరీలు కరిగించి సీసం తీస్తా ఉండారంట. బడి బోరింగు నీళ్లు సూడాల. వస్తావా నాయనా?"

"వచ్చే వారం పోదాం మేడమ్. ఇంట్లో పనుండాది."

పనేమీ లేదు. ఎండకు జంకాను. ఆమె ఒక్కరే వెళ్లి నీళ్లు పట్టుకొచ్చారు. తెల్లారాక గుండె ఆగింది. గుండె ఎప్పటినుంచో బలహీనంగా ఉంది, ఎండ వల్ల కాదన్నారు డాక్టరు. ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు.

కర్మలయ్యాక తమ్ముడు ఆ నీళ్ల సీసాలు తెచ్చారు. "అక్క ఫ్రిజ్జులో పెట్టిండాది. ఎవురికియ్యాలో తెలీక నీకాడికి తెచ్చినా."

ఆమె ఎలక్ట్రోడ్‌తోనే పరీక్షించాను. గీత నిటారుగా లేచింది. ఇంకో ల్యాబులో కూడా పరీక్ష చేయించి ఆ ఊరు వెళ్లాను. బోరింగు నీళ్లలో సీసం ఉంది, తాగొద్దని చెబితే బడి వంటామె అంతా విని, "ఆ మేడమ్ రాలేదే?" అంది. చెప్పాను.

"అయ్యో, నా సేతి మజ్జిగ తాగి పోయినాదే! ఒక్కదానివే వచ్చినావా తల్లీ అంటే, మా అబ్బికి ఇంట్లో పనుండాది అనింది."

నేను ఫలితాల కాగితం తీసుకుని హెడ్మాస్టరు గదిలోకి వెళ్లాను.

బయటికి వచ్చేసరికి ఆవిడ తుమ్మకంప ఈడ్చుకొచ్చి బోరింగు చుట్టూ వేస్తోంది. ముళ్లకు కొంగు తగులుకున్నా ఆగలేదు. పిల్లలు ఖాళీ గ్లాసులు పట్టుకుని దూరంగా నిలబడి చూస్తున్నారు.