కంట్లో ఇనుము లేదన్నాను

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాదనకు దిగే రకం నేను. బైలాడీలా కొండ మీద ఇనుప ఖనిజం గనిలో ముప్పై ఏళ్లు వెల్డరుగా చేశాను. క్రషర్ దగ్గర ఎవరో తిరుగుతున్నారని జనం జడుసుకుంటుంటే, అక్కడే కేరేజీ విప్పుకుని అన్నం తిన్నవాణ్ణి. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానని ఎవరన్నారు? జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరే తేల్చుకోండి.

మాది శ్రీకాకుళం వైపు. రిటైరయ్యాక కూడా కొండ కింద కిరందుల్‌లోనే ఉండిపోయాం. ఎడమ కన్ను నీటికాసులతో పోయింది. కుడి కన్నొక్కటే దిక్కు. అది కూడా పోతే గోడలు తడుముకుంటూ బతకాల్సిందే.

ఆ ఏడాది కొందరు డాక్టర్లు గని దుమ్ములో పనిచేసినవాళ్ల మెదడు మీద పరిశోధన చేస్తూ, ఎమ్మారై స్కానింగుకు ఇష్టమున్నవాళ్లు రావాలని టౌన్‌షిప్‌లో చెప్పించారు. "నీకెందుకీ గోల, ఇంటికాడ కూకోలేవేటి?" అంది మా ఆవిడ. "నాకు బుర్రుందో లేదోనని ఇన్నాళ్లూ నువ్వే కదా అడిగీదానివి, ఫొటో తీయించి తెస్తానుండు" అని పేరిచ్చాను. పొద్దుటి బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లాను. ఒక్కణ్ణే వెళ్లాను, నాతో ఎవరూ రాలేదు.

స్కానింగ్ సెంటర్లో ఒక అమ్మాయి ఫారం పట్టుకుని హిందీలో ప్రశ్నలు అడిగింది. ఆ మిషను పెద్ద అయస్కాంతమట, ఒంట్లో ఎక్కడ ఇనుమున్నా లాగేస్తుందట. గుండెకు బ్యాటరీ పెట్టారా? లేదు. ఎముకల్లో రాడ్డుందా? లేదు. "ఆంఖ్ మే కభీ లోహా గయా?" కంట్లో ఎప్పుడైనా ఇనుము పడిందా అని. "నహీ" అన్నాను, తడుముకోకుండా.

పచ్చి అబద్ధం. కావాలని చెప్పింది కాదు, అలవాటు కొద్దీ వచ్చేసింది. మా వర్క్‌షాపు గేటు దగ్గర ప్రమాదాలు లేకుండా గడిచిన రోజులెన్నో రాసే బోర్డుండేది. ఎవరికైనా దెబ్బ తగిలిందని రిజిస్టరుకెక్కితే ఆ అంకె మళ్లీ సున్నాకొచ్చేది, సెక్షన్ మొత్తానికి ఇస్తామన్న దుప్పట్లు పోయేవి. అందుకే ఏ ఆఫీసరు ఏమడిగినా మా నోట ఒకటే మాట, "కుచ్ నహీ సాబ్", ఏమీ లేదు సార్ అని. వేలు తెగినా గుడ్డ చుట్టుకుని అదే మాట.

గ్రైండింగ్ చేస్తుండగా నా కుడి కంట్లో ఇనుప రవ్వ పడింది, పాతికేళ్ల కింద. మాతో పనిచేసే ముత్తయ్య, కోంటా మనిషి, అగ్గిపుల్ల మీదికి రెప్ప తిప్పి తువ్వాలు కొసతో దాన్ని తీశాడు. వర్క్‌షాపులో అందరి కళ్లకూ అతనే డాక్టరు. "ఒకటొచ్చింది. ఇంకోటి లోపల్కి దిగినట్టున్నది. దవాఖానకు పోరాదు, ఏంది నీ మొండితనం?" అన్నాడు. నేను పోలేదు. నాలుగు రోజులు ఎర్రబడి, తగ్గిపోయింది.

తర్వాత రెండేళ్లకు పైనుంచి ఒక ఇనుప రేకు జారి ముత్తయ్య తలకు తగిలింది. హెల్మెట్ ఉంది, రక్తం రాలేదు. కూలబడి రెండుసార్లు కక్కుకున్నాడు. ఫోర్‌మన్ వచ్చి ఏమైందని అడిగాడు. పక్కనున్నది నేనొక్కణ్ణే. "కుచ్ నహీ సాబ్, ఎండ దెబ్బ" అన్నాను. తెల్లారేసరికి ముత్తయ్య క్వార్టర్‌లో చచ్చిపోయి ఉన్నాడు. డ్యూటీలో తగిలిన దెబ్బ అని ఎక్కడా రాసి లేదు కాబట్టి అతని భార్య లచ్చమ్మకు ఉద్యోగం రాలేదు. పిల్లల్ని తీసుకుని కోంటా వెళ్లిపోయింది. నేను నోరు విప్పలేదు. విప్పితే నా నౌకరీ ఊడుతుందని భయం. ఛీ, అంతకంటే ఏముంది చెప్పడానికి.

సరే, స్కానింగ్ దగ్గర చొక్కా, ఉంగరం తీశాను. మొలతాడు కూడా తీయించారు. దాన్ని మార్చడమే గాని, అది లేకుండా ఉండడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గౌను తొడుక్కుని కూర్చున్నాను. నా పేరు పిలిస్తే లేచి మిషను గది తలుపు దాకా వెళ్లాను.

ఆ అమ్మాయి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆగండి అంకుల్! కుడి కంట్లో ఇనుముందట కదా, నాకెందుకు లేదని చెప్పారు?"

"ఎవరన్నారు?"

"మీతో వచ్చినాయన. రెప్ప తిప్పి ఒకటి తీసింది నేనే, ఇంకోటి లోపలే ఉంది, అడిగితే వీడు చెప్పడు అన్నాడు."

ఎలా ఉన్నాడని అడిగాను. సన్నటి మనిషి, నలభై కూడా ఉండవు, మెడలో తువ్వాలు, బట్టల నిండా ఎర్ర దుమ్ము. హాల్లోకి వెళ్లి చూశాం. ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన. గేటు దగ్గర వాచ్‌మన్ అలాంటి మనిషి లోపలికి రాలేదు, బయటికి పోలేదు అన్నాడు.

ముందు కంటికి ఎక్స్‌రే తీశారు. గుడ్డు లోపల ఆవగింజలో సగమంత తెల్లటి చుక్క. ఆ గదిలోకి వెళ్లుంటే అది కదిలి ఉన్న కన్ను చీరేసేదని డాక్టరు నన్ను తిట్టి ఇంటికి పంపేశాడు.

నేనూ తేలిగ్గా వదల్లేదు. వర్క్‌షాపువాళ్లెవరైనా ఆ రోజు అక్కడికి వచ్చారా అని వాకబు చేశాను. ఎవరూ రాలేదు. మా ఆవిడకే ఆ రవ్వ సంగతి తెలియదు.

నెల తిరక్కుండా కోంటా వెళ్లాను. లచ్చమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. రేకు జారడం, ఎండ దెబ్బ అని నేను బొంకడం, ఈ స్కానింగు సంగతి, అంతా చెప్పేశాను. తిట్టిపోస్తుందనుకున్నాను. తిడితే బాగుండేది.

ఇంకో గింజ తీస్తూ, "ఎట్లున్నడన్నా? మస్తు బక్కగైండా?" అని అడిగింది.

"నాకు కనబళ్లేదు చెల్లెమ్మా. ఆ పిల్లకు కనబడ్డాడు."

"నాకు గూడ ఇన్నేండ్లల్ల ఒక్కనాడు కనబళ్లే," అంది. చేతిలో చింతపండు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఇంటికి రాకుండ నీ కాడికెందుకొచ్చిండు?"

ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో నాకు ఈ రోజుకీ తెలియదు.