చోడిచేను పాటలో చివరి చరణం

తొంభైల చివర్లో అరకులో మాదొక రాక్ బ్యాండు. మనుషులం ఇద్దరమే. గిటారు నాది, డ్రమ్స్, గొంతు నా స్నేహితుడివి. మా నాన్నది సంతవీధిలో కిరాణా కొట్టు. వాడిది లోయకు పైనున్న ఊరు, కొండవాలులో చోళ్లు, అంటే రాగులు, పండించుకునే ఇల్లు. లోకమంతా సినిమా పాటలకు ఊగుతుంటే, మేము ఎప్పుడో పాతబడ్డ ఇంగ్లీషు రాక్, బ్లూస్ పాటలు అరిగిపోయిన క్యాసెట్లలో విని, ముక్క అర్థం కాకపోయినా వాయించేవాళ్లం. కొట్టు వెనక గోనెసంచుల గదిలో మా సాధన. "ఆరునెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టాడట" అని నాన్న వెక్కిరించేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒకనాడు ఏదో బ్లూస్ పాట వింటూ వాడు, "ఇది మా మామ్మ కలుపుపాట నాగుంది కదరా" అన్నాడు. మామ్మంటే వాడి నాన్నమ్మ. చోడిచేలో కలుపు తీస్తూ ఆవిడ పాట ఎత్తుకుంటే పదిమంది ఆడవాళ్లు అందుకునేవారు. నిజమే, అదే లాగుడు, అదే అలసట. ఆ పాటను గిటారు మీదికి తెచ్చాం. అయితే వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. చివరి చరణం చేలో పాడరు. పంట ఇంటికి చేరాక, గడప దగ్గర, ఇంటి పెద్దావిడ పాడుతుంది. అంతదాకా పాట ఆగి ఉండాల్సిందే.

విశాఖలో ఒక కాలేజీ పోటీకి వెళ్తూ, ముగింపు లేని పాటేమిటని పట్టుబట్టింది నేనే. వాడికి ఆ చరణం చిన్నప్పటినుంచీ తెలుసు. కాసేపు నసిగి ఒప్పుకున్నాడు. మూడుసార్లు తిప్పి పాడి, డ్రమ్స్ అదరగొట్టాడు. చప్పట్లే చప్పట్లు. మర్నాడే, పోటీలో మా పాట రికార్డు చేసిన క్యాసెట్టు పట్టుకుని చేలోకి వెళ్లి, టేప్‌రికార్డరు గట్టు మీద పెట్టాం. మామ్మ మొదట నవ్వింది. చివరి చరణం రాగానే చేతిలో గడ్డి జారవిడిచింది.

"ఏట్రా గుంటడా, పంట కొయ్యకుండానే కల్లం ఊడ్సీసినావా?"

తిట్టలేదు. మళ్లీ వంగి కలుపు తీసింది, పాట మాత్రం ఎత్తలేదు. ఆవిడ ఎత్తకపోతే మిగతావాళ్లూ ఎత్తరు. వాడు రోజూ ఆవిడ పక్క వరస పట్టి, పాడమని బతిమాలాడు. "అయిపోయిన పాట మళ్లీ ఎలగెత్తుతాన్రా?" అందట. ఆ ఏడు మిగతా కలుపంతా మూగగానే సాగింది.

కోతలకు ముందే మామ్మ పోయింది. వయసైపోయింది, మా వల్ల కాదని అందరూ అన్నారు. నేను మాత్రం ఇవాళ్టికీ అలా అనుకోలేను.

చోళ్లు ఇంటికొచ్చిన రోజు నన్నూ పిలిచారు. గడప ముందు అందరూ నిలబడ్డారు. ఇప్పుడు ఇంటి పెద్దావిడ వాడి అమ్మ. ఆమె కొడుకు వంక చూసింది.

"నువ్వు పాడీసినావు కదా, నాకేటి మిగిల్సినావు?"

వాడు తలమీది బుట్ట దింపి, వెనక్కి చేలోకి నడిచాడు. కోసిన మొదళ్ల మధ్య వంగి, లేని కలుపు తీస్తూ, మొదటి చరణం ఎత్తుకున్నాడు. ముందు ఒక ముసలావిడ వెళ్లి పక్కన వంగింది. ఒక్కొక్కరే అందరూ వెళ్లారు. వరస తరవాత వరస, ఆ ఏడు పాడకుండా వదిలేసిన పాటంతా పాడారు. చివరి చరణం ముందు వాడు నోరు మూసుకున్నాడు.

పాటను అక్కడే ఆపి అందరూ ఇంటికి నడిచారు. గడప దగ్గర వాడి అమ్మ చివరి చరణం పాడింది. నేను వాకిట్లో నిలబడి అందరి ముందూ ఏడ్చాను.

ఆ తర్వాత పదేళ్లలో చాలా వేదికలెక్కాం. ఎక్కడికెళ్లినా ఆ పాటే అడిగేవారు. చివరి చరణం ముందు వాడు పాట ఆపి, డ్రమ్స్ కర్రలు కింద పెట్టేసేవాడు. మైకు పోయిందనుకుని జనం ఈలలు వేసేవారు. వాడు లేచి నిలబడి చెప్పేవాడు.

"మా పాట ఇంతేనండి. మిగతాది మా అమ్మది."