సున్నివా, పొరపాటు కేకూ

సున్నివాను కూర్చోబెట్టడం మా వార్డులో ఎవరి వల్లా కాలేదు. కాఫీ తాగినా నిలబడే, కాగితాలు రాసినా నిలబడే. కాలుగాలిన పిల్లిలా వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉండేది.

"కాసేపు ఆ కుర్చీకి కూడా పని చెప్పవే తల్లీ! నిన్ను చూస్తుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయి" అని రోజుకు రెండుసార్లైనా కసిరేదాన్ని.

"కూర్చుంటే భయమేస్తుంది బోదిల్" అనేది.

బోదిల్ అంటే నేనే. డెన్మార్క్‌లో, జట్లండ్ వైపు ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ముప్ఫై రెండేళ్లుగా నర్సుని. ఆర్హుస్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య విద్యార్థులు పని నేర్చుకోవడానికి ఆరేసి వారాలు మా దగ్గరికి వస్తుంటారు. ఈ పిల్లది నార్వే. అదీ బాగా ఉత్తరాన, ఊరు ఊరంతా చేపలు ఎండేసుకునే చోటు. అమ్మ చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. సొంత దేశంలో సీటుకు మార్కులు చాలక సముద్రం దాటి ఇక్కడికొచ్చింది. శని, ఆదివారాల్లో వృద్ధాశ్రమంలో పని. వాళ్లమ్మ పంపిన ఎండుచేపలు ఒకసారి వార్డు ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ వాసనకు రోగులు లేచి కూర్చున్నారు. "మందుల కన్నా ఇదే బాగా పనిచేస్తోందే" అని మా పెద్ద డాక్టరు ట్రోల్స్ వారం రోజులు ఏడిపించాడు.

మా దగ్గర చదువుకు ఫీజు లేదు కానీ, సీటు నిలబెట్టుకోవడం అంత తేలికేం కాదు. అంతకుముందే ఒక పరీక్ష తప్పింది. ఈ ఆరు వారాల చివర ట్రోల్స్ సంతకం పెట్టకపోతే ఇంకో ఆరు నెలలు గంగలో కలిసినట్టే. "మళ్లీ పోయిందని అమ్మకు ఫోన్ చేసే ధైర్యం నాకు లేదు" అనేది. పాపం, ఆ మాట అన్నప్పుడు మాత్రం మొహంలో నవ్వుండేది కాదు.

ఐదో వారం, బుధవారం. నాలుగో గదిలో కొత్తగా చేరిన ముసలాయనలిద్దరు. ఎయ్‌నార్‌కు కడుపులో పుండు, రక్తం పోయి వచ్చాడు. స్వెండ్‌కు నిమ్ము, దాదాపు తగ్గిపోయింది. పొద్దున్నే ఇద్దరికీ రక్తం తీసింది సున్నివా. పదకొండింటికి ఫలితాలొచ్చాయి. ఎయ్‌నార్ రక్తం భేషుగ్గా ఉందని ట్రోల్స్ ఇంటికి పంపించేశాడు. స్వెండ్ రక్తమే బాగా పడిపోయింది, ఇదేం విడ్డూరమని మళ్లీ తీయమన్నాడు.

సూది పట్టుకుని గదిలోకి వెళ్లిన పిల్ల రెండు నిమిషాల్లో పాలిపోయిన మొహంతో నా దగ్గరకొచ్చింది.

"బోదిల్, కిటికీ పక్కనున్నది స్వెండా?"

"అవును."

"మరి బోర్డు మీద కిటికీ మంచం ఎయ్‌నార్‌దని ఉందే?"

అంటే ఒకరి రక్తం మీద ఇంకొకరి పేరు పడింది. ముందురోజు సాయంత్రం స్వెండ్ పక్షుల్ని చూస్తానని గోల పెడితే మంచాలు మార్చింది నేనే. బోర్డు మీద పేర్లు మార్చడం మర్చిపోయిందీ నేనే.

"పేరు అడగలేదా నువ్వు?" అని గయ్యిమన్నాను.

"నువ్వు ఎయ్‌నారేనా అని అడిగాను. ఊఁ అన్నాడు."

"నిద్రలో ఉన్నవాణ్ని నువ్వు డెన్మార్క్ రాజువా అన్నా ఊఁ అంటాడు! పేరు వాళ్ల నోటితోనే చెప్పించాలని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?" నా గొంతు ఎందుకంత లేచిందో నాకు తెలుసు.

"ట్రోల్స్‌కు చెబితే సంతకం పెట్టడు కదా" అంది. అలా ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. "ఎయ్‌నార్ ఎక్కడ?"

"కూతురొచ్చింది. ఇప్పుడే కిందికి దిగారు."

ఒకటే పరుగు. కిటికీలోంచి చూశాను. తెల్లకోటు ఎగురుతుంటే కారుకు అడ్డంపడి, రెండు చేతులూ బానెట్ మీద పెట్టి నిలబడింది. ఎయ్‌నార్‌ను వెనక్కి తెచ్చి, తనే వెళ్లి ట్రోల్స్‌కు అంతా చెప్పింది. మళ్లీ పరీక్ష చేస్తే ఆ మనిషి ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదు. రెండు బాటిళ్లు ఎక్కించారు. గొంతులోంచి గొట్టం వేసి పుండు మూసేశారు. బతికాడు.

ట్రోల్స్ ఆమెతో అన్నది ఒక్కటే మాట. "రేపు కేక్."

తప్పు చేసినవాళ్లు కేక్ తేవాలి, రెండు గంటల కాఫీ దగ్గర లేచి నిలబడి ఏం జరిగిందో తమ నోటితోనే చెప్పాలి, ఆ తర్వాత ఎవరూ దెప్పకూడదు. అది మా వార్డు పద్ధతి. కానీ ఆ పిల్లకు ఒళ్లు మండింది.

"నా బతుకేమవుతుందో తెలియక నేను చస్తుంటే కేకంటాడేంటి? వేళాకోళమా?" అంటూ సాయంత్రం దాకా వరండా అరగదీసింది.

గురువారం చాక్లెట్ కేక్ తెచ్చింది. మధ్యలో కుంగిపోయింది. పద్నాలుగు మందిమి చుట్టూ కూర్చున్నాం.

"పేరు చెప్పించలేదు. నేనే పేరు చెప్పి అవునా అన్నాను. ఒక మనిషి ఇంటికెళ్లి చచ్చిపోయేవాడు" అంది. బోర్డు ఊసే ఎత్తలేదు.

"పొరపాటు కన్నా కేకే ఘోరంగా ఉంది" అన్నాడు ట్రోల్స్ నములుతూ. అందరూ నవ్వారు. "సంతకం వచ్చే వారం పెడతాను. ఈలోగా ప్రతి మనిషి నోటా పేరు చెప్పించు."

నేను రెండు ముక్కలు తిన్నాను. నోరు నిండుగా ఉంటే మాట్లాడక్కర్లేదు కదా.

డ్యూటీ దిగాక సైకిళ్ల దగ్గర పట్టుకుని అడిగాను. "బోర్డు సంగతి ఎందుకు చెప్పలేదే?"

తాళం తీస్తూ నా వైపు చూసింది. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

"నా తప్పుకు నేను కేక్ చేశాను బోదిల్. నీది కూడా నేనే ఎందుకు చెయ్యాలి?"

తల కొట్టేసినట్టయింది. మర్నాడు రెండింటికి, ముప్ఫై రెండేళ్లలో మొదటిసారి, బల్ల మీద కేక్ పెట్టి లేచి నిలబడ్డాను. "మంచాలు మార్చి, బోర్డు మీద పేర్లు మార్చనిది నేను" అన్నాను.