చక్రాల జాడల మీద మొక్కలు

బాబా పోయారన్న కబురు నేను ఇస్త్రీ చేస్తుండగా వచ్చింది. సౌదీలోని తబూక్ నుంచి, నేను తమ్ముడూ అని పిలిచే డ్రైవర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. అతనిది మదనపల్లె, నాది రాయచోటి దగ్గర పల్లె. బాబా ఇంట్లో పదకొండేళ్లు కలిసి పనిచేశాం.

"అక్కా, బాబా పోయినాడక్కా. నిన్న అసర్ నమాజు అయినాక మట్టి చేసినారు. నీకు చెప్పల్లంటే నిన్నంతా నోరు రాలేదు. ఏమనుకోవాకక్కా."

నేనిప్పుడు చేస్తున్నది ఖోబర్‌లో, అల్ అజీజియాలో, వేరేవాళ్ల ఇంట్లో. ఇక్కడెవరికీ బాబా తెలియదు. పిల్లల యూనిఫారాలు ఇంకా సగం మిగిలున్నాయి. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, కాలర్లు నొక్కుతూ నిలబడ్డాను. కాళ్లు లాగుతున్నా కూర్చోవాలనిపించలేదు. కూర్చుంటే మళ్లీ లేవలేనేమో అని భయం.

ఆయన నా కఫీల్, నా వీసాకు పూచీ ఉన్న యజమాని. ఆ ఇంట్లో పనిచేసేవాళ్లందరం బాబా అనే పిలిచేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు కార్ల పందేలు తోలిన మనిషి. చదువుకోవడానికి అమెరికా వెళ్లి, చదువు వదిలేసి ఆ పందేల్లో పడ్డారట. పైకి చూస్తే బజార్లో తిరిగే మామూలు కారే. లోపల సీట్లు పీకేసి, ఇనుప కడ్డీలు బిగించి, ఇంజన్ మార్చేస్తారు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బాట మీద ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ చుట్లు కొట్టాలి. పక్క కారు తలుపు మన తలుపును రాసుకుంటూ పోతుందట. ఆ చప్పుడులోనే ఆయన ఎడమ చెవి పోయింది.

తిరిగొచ్చాక సౌదీలో కూడా చాలా ఏళ్లు తోలారు. ప్రాక్టీసుకు తబూక్ బయట గులకరాళ్ల మైదానానికి పోయేవారు. చివరికి ఒక పందెంలో కారు పల్టీ కొట్టి నడుము దెబ్బతింది, ఆపేశారు. నేను చేరేనాటికి స్టీరింగ్ ముట్టుకునేవారే కాదు. తమ్ముడి పక్క సీట్లో కూర్చునేవారు. ఇక్కడి బండ్లలో స్టీరింగ్ ఎడమవైపు, చెడిన చెవి తమ్ముడి వైపు ఉండేది కాబట్టి అతనేం చెప్పినా వినపడేది కాదు. కుడి కాలు మాత్రం ఊరుకునేది కాదు. బండి నిదానంగా పోతుంటే ఆ కాలు కింద నొక్కుతూనే ఉండేది.

పందేల మనిషి మొక్కల మనిషి ఎలా అయ్యారో ఒకరోజు ఆయనే చెప్పారు, వంటగదిలో పుదీనా చాయ్ కోసం నిలబడి. ఆయన మాట్లాడింది అరబీలో, నేను తెలుగులో రాస్తున్నాను.

"మానేసిన చాలా ఏళ్లకు ఆ మైదానానికి పోయాను. నా టైర్ల గీతలు అక్కడే ఉన్నాయి. మా పెద్దోడు పుట్టకముందు పడిన గీతలు. వానలు పడ్డాయి, ఇసుక గాలులు వచ్చాయి. అవి పోలేదు. ఆ గీతల్లో ఒక్క గడ్డిపోచ లేదు."

"మీవేనని ఎట్లా తెలుసు బాబా?"

"అన్నీ ఎడమకే తిరిగి ఉన్నాయి," అన్నారు. నవ్వలేదు.

ఆ తర్వాత ఆయన అనుమతులు తీసుకుని, ఆ మైదానం పక్కనున్న వాదీకి, అంటే వాన పడినప్పుడు మాత్రమే పారే వాగుకు, కంచె వేయించారు. నర్సరీ మొక్కలు తెచ్చి నాటితే ఎండకు మాడిపోయాయి. విత్తనాలు చల్లితే మొలవలేదు. నేను చేరిన మొదటి సంవత్సరం ఒక పళ్లెం నిండా తల్హ్ చెట్టు గింజలు వంటగది గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. చూడగానే నాకు మా ఊరి తుమ్మ గింజలు గుర్తొచ్చాయి. మా నాయన మేకలు కాసేవాడు. తుమ్మ గింజ పైతోలు గట్టిది, వేడి నీళ్లు పోసి నానబెడితేనే పగులుతుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అడక్కుండానే నీళ్లు కాచి పోశాను. నాలుగోరోజుకు మొలకలు.

ఆయన పళ్లెం పట్టుకుని వంటగదిలోకి వచ్చారు. "ఎవరు చేశారిది?"

"నేనే బాబా. తప్పైతే..."

సాయంత్రానికి ఆయన మిద్దె మీది పాత సామానంతా తీయించి, నీడకు గుడ్డ కట్టించారు. అప్పటినుంచి ఆ మిద్దె నాది. లబన్ మజ్జిగ సీసాలు సగానికి కోసి, మట్టి నింపి, మొక్కలు పెంచాను. వంట, గిన్నెలు, బట్టలు అయ్యాక ఆ పని. అలసట లేదని చెప్పను. మోకాళ్ల నొప్పులు అప్పుడే మొదలయ్యాయి.

శుక్రవారాలు ముగ్గురం వాదీకి పోయేవాళ్లం. బాబా పాత గీతల మీద మోకాళ్ల మీద కూర్చుని, చిన్న చేతి గునపంతో గట్టిపడిన నేలను గుచ్చేవారు. గాలికి వచ్చే విత్తనం, వాన చుక్క ఆగడానికి చోటు కావాలి కదా. పొద్దంతా చేస్తే మంచం పొడవు నేల అయ్యేది. నడుము పట్టేసి లేవలేకపోతే తమ్ముడు లేపేవాడు. "దీన్ని పాడుచేయడానికి నాకు కన్ను మూసి తెరిచేంత సేపు పట్టింది," అన్నారొకసారి, తను గుచ్చిన చోటును చూస్తూ.

ఒక చలికాలంలో బాబా పెద్దకొడుకు స్నేహితులతో వచ్చి, కంచె దాటి వాదీలో జీపులు తోలాడు. బాబా అడిగితే, "నువ్వు చేసిందేగా నేను చేస్తున్నది?" అన్నాడు. చాలాకాలం ఇద్దరూ మాట్లాడుకోలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. వరసగా రెండేళ్లు వాన లేదు. ఒకరోజు నేనూ తమ్ముడే నీళ్లు పోయడానికి పోయాం. కంచె బయట ఒక సూడాన్ కాపరి, తన యజమాని మేకలు మేపుకుంటున్నాడు. మేకపిల్లలు నిలబడలేక పడిపోతున్నాయి. అతను నోరు తెరిచి అడగలేదు, గేటు వైపు చూశాడంతే.

"వద్దక్కా," అన్నాడు తమ్ముడు. "బాబాకు తెలిస్తే ఇద్దర్నీ ఎగ్జిట్ కొట్టి పంపిస్తాడు."

"ఆ పిల్లల్ని సూడు సామీ. ఒక్క గంట మేసి పోతాయిలే," అని గేటు నేనే తీశాను.

గంటలో మూడేళ్ల మొక్కలు మొదళ్ల దాకా పోయాయి. మేకల సంగతి తెలిసినదాన్ని, తెలిసే తీశాను.

ఇంటికొచ్చి బాబా కుడివైపు నిలబడి చెప్పాను, వినపడలేదని మళ్లీ చెప్పాల్సిన పని లేకుండా. ఆయన ముఖం నల్లబడింది. లేచి లోపలికి పోయారు. పదకొండు రోజులు నా చేతి చాయ్ తాగలేదు. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేస్తారనుకుని పెట్టె సర్దుకున్నాను. పన్నెండో రోజు గింజల సంచి తెచ్చి గట్టు మీద పెట్టారు.

"నీళ్లు కాచు," అన్నారు.

నేను కదల్లేదు. ఏడుపు వస్తోంది.

"అవి ఆకలికి పాడుచేశాయి. నేను సరదాకు పాడుచేశాను," అన్నారు. సంచి మూతి విప్పి, "అయినా నా మీద నాకు వచ్చినంత కోపం నీ మీద కూడా వచ్చింది. అది అన్యాయం," అని వెళ్లిపోయారు.

రెండేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. ఇంట్లో మనుషులు ఎక్కువయ్యారని నన్ను ఖోబర్‌లోని వాళ్ల బంధువుల ఇంటికి మార్చారు. వచ్చేరోజు చక్రాల కుర్చీ దగ్గరికి వెళ్లాను. మాట సరిగా రావడం లేదు. ఎడమ చేయి చచ్చుబడింది. కుడి చేత్తో నా మోకాలి వైపు చూపించి ఏదో అన్నారు. మూడోసారికి అర్థమైంది, నొప్పి ఎలా ఉందని అడుగుతున్నారు. తగ్గిందని అబద్ధం చెప్పాను. తలుపు దాకా వచ్చి వెనక్కి చూస్తే కళ్లు మూసుకుని ఉన్నారు. అదే ఆఖరు.

ఆయన నాకు చదువు చెప్పలేదు, నన్ను కూతురిలా చూసుకున్నారనీ అనను. పనిమనిషిని పనిమనిషిగానే చూశారు. కానీ ఈ దేశంలో ఇన్నేళ్లలో, నాకు తెలిసిన ఒక సంగతి ఎవరికైనా అక్కరకొచ్చిందంటే ఆయనకే.

మెసేజ్ వచ్చిన మూడోరోజు తమ్ముడు ఒక వీడియో పంపాడు. "బాబా పెద్దకొడుకక్కా. నన్ను రమ్మన్నాడు, యాడికో చెప్పలా," అన్నాడు కింద. వంటగది తలుపు వేసుకుని చూశాను. పెద్దకొడుకు తన బండిని తారు రోడ్డు మీదే ఆపి దిగాడు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, కాళ్ల దాకా ఉన్న తెల్లని తోబు అంచు రెండో చేత్తో పైకెత్తి, వాదీ కంచె గేటు తీసుకుని లోపలికి నడిచాడు. ప్రతి అడుగూ చూసి వేస్తున్నాడు. గులకరాళ్లు గుచ్చుకుంటున్నట్టున్నాయి, వంకర్లు పోతున్నాడు. నడుమెత్తు మొక్కల మధ్యకు వచ్చాక ఇటు పోవాలో అటు పోవాలో తెలియక ఆగిపోయాడు. తిరిగి రోడ్డు వైపు చూశాడు. మళ్లీ కిందికి చూసుకుని, అక్కడే ఒంటికాలి మీద నిలబడ్డాడు, మొక్క తొక్కకుండా రెండో కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ.