రెక్క చూశాక నోరు చూడాలి

మొన్న నరసరావుపేటలో పంటి డాక్టరు నా పుచ్చుపన్ను మీద లవంగనూనె దూది పెట్టగానే, నొప్పి సంగతి మర్చిపోయి గట్టిగా ఊపిరి పీల్చాను. ఆయన కంగారుపడ్డాడు. నాకు మాత్రం సలోమి మేడం వచ్చి పక్కన నిలబడ్డట్టు అనిపించింది. ఆవిడ పశువుల డాక్టరు. చిన్న చిన్న పురుగుల్ని గాజుపలక మీద పెట్టి, లోపలి భాగాలు తేటగా కనపడాలని లవంగనూనె చుక్క వేసేవారు. ఆవిడ చీర కొంగుకీ అదే వాసన. నేను ఆవిడ దగ్గర ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, చీవాట్లతోనే పని నేర్చుకున్నాను.

గొర్రెల్ని కుట్టే ఒక రకం దోమను ఆవిడ పట్టుకుని వదిలేవారు కాదు. అది కంట్లో పడ్డ నలుసంత ఉంటుంది. "దాని ఒళ్లంతా చదవాలి లక్ష్మీ" అనేవారు. ముందు రెక్క, దాని బూడిదరంగు మీద తెల్లమచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి. తర్వాత మీసాలు. అవి కుచ్చులా ఉంటే మగది, రక్తం జోలికి పోదు. ఆఖరున నోరు. ఆడదానికి పొట్టి తొండంలో రంపంలాంటి పళ్లుంటాయి, వాటితో చర్మం కోసి ఊరిన రక్తం తాగుతుంది. ఆ కాటుతోనే ఒక గొర్రె నుంచి ఇంకోదానికి మూతివాపు రోగం పాకుతుంది. నాలుక నీలం తిరిగి, కాళ్లు పట్టేసి గొర్రె కూలబడుతుంది. రెక్క చూసి ఆగిపోయినందుకు నన్నెన్నిసార్లు తిట్టారో.

ముసురు వెలిసిన ఒక ఉదయం గురజాల దాపున ఒక పల్లెకు వెళ్లాం. అక్కడ కోటయ్య మందలో గొర్రెలు వరసగా చచ్చిపోతున్నాయి. పక్కన పుల్లమ్మ మిరపచేను. ఆమె చేనికి మందు కొట్టింది, గొర్రెలు గట్టు మీద మేశాయి. కావాలనే విషం పెట్టిందని కోటయ్య పట్టు. మేం వెళ్లేసరికి అతని కొడుకు ట్రాక్టరుకు రోటావేటరు తగిలించి, పైరంతా దున్నేస్తానని ఇంజను ఆపకుండా చేను మొదట్లో కూర్చున్నాడు. కాపు మీదున్న చేనికి అడ్డంగా, చక్రాల ముందు పుల్లమ్మ నిలబడి ఉంది.

"విషమని ఒక్క ముక్క చెప్పండి మేడం, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు కోటయ్య.

"మూతులు చూస్తే విషంలా లేదయ్యా. రక్తం పరీక్షకు పంపిస్తున్నా."

"అదెప్పటికి రావాల? దోమ కుడితే చస్తయ్యా ఏంది, మా చెవుల్లో పూలు పెడతన్నారా?"

ముందురోజు గొర్రెల దొడ్లో కట్టించిన లైటు బుట్టలో దోమలు పడ్డాయి. మైక్రోస్కోపును స్టూలు మీద పెట్టి, ఒకదాన్ని పలక మీదికెక్కించాను. రెక్క మీద మచ్చలు కనపడగానే "ఇదే మేడం!" అని అరిచాను. ఇంజను మోత తగ్గింది. కోటయ్య మొహం కాస్త మెత్తబడింది.

మేడం వంగి చాలాసేపు చూశారు. "కాదు" అన్నారు, అందరికీ వినపడేట్టు. "నోరు చూడలేదు నువ్వు. దీనికి కోసే పళ్లే లేవు, ఇది కుట్టదు."

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి చక్రాల ముందు నిలబడి ఉంటే ఈవిడకు దోమ పళ్లు కావాల్సొచ్చాయా? "ఔననేయండి మేడం, ఎవరికి తెలుస్తుంది?" అని చెవిలో గొణిగాను. ఆవిడ నావైపు చూడనైనా లేదు. "ఇంకోటి పెట్టు" అన్నారు.

ట్రాక్టరు గర్రుమంటూ ముందుకు జరిగింది. "రానీయండి, నా మీదగానే పోనీయండి" అంది పుల్లమ్మ. ఆమె కదల్లేదు.

రెండోదాని కడుపు ఎర్రగా ఉబ్బి ఉంది. రెక్క చూశాను, మీసాలు చూశాను, నోరు చూశాను. అరవకుండా పక్కకు తప్పుకున్నాను. మేడం చూసి, కోటయ్యను పిలిచారు.

"నువ్వే చూడు. ఆ ఎరుపు రక్తం. ఈ దోమ కుట్టేదే, మీ దొడ్లోదే. గొర్రెల్ని చంపింది ఇదేనని పరీక్ష వచ్చేదాకా నేననను. విషమని నిన్నూ అననివ్వను."

కోటయ్య చూసి తలెత్తాడు. "ఇందాకటిదాన్నే ఇదని చెప్పుంటే మాకేం తెలిసేది మేడం?"

"తెలిసేది కాదు."

అతను కొడుకువైపు తిరిగాడు. "ఒరేయ్, ఇంజను ఆపరా." అప్పుడు పుల్లమ్మ ఉన్నచోటనే కూలబడి ఏడ్చింది. తర్వాత పరీక్షలో మూతివాపేనని తేలింది.

మేడం పోయారు. ఇప్పుడు ఆవిడ మైక్రోస్కోపు ముందు కూర్చునేది నేనే. ఏదో ఒకటి తేల్చేయమని ఫోన్లు వస్తూనే ఉంటాయి. రెక్క మీద మచ్చలు కనపడగానే "ఇదే" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, పలకను నెమ్మదిగా నోటివైపు జరుపుతాను. జరుపుతున్నంతసేపూ నా వెనక ట్రాక్టరు ఇంజను మోగుతూనే ఉంటుంది.